కోత మొదట పడేది ఎవరి మీద?

(శాస్త్ర పరిశోధనకు నిధుల కోతను వ్యతిరేకిస్తూ అధ్యాపకులు నంద్యాలలో పెట్టిన సభలో మన కార్యకర్త ఒకరు మాట్లాడినారు. మర్నాడు ఆళ్ళగడ్డలో మన వాళ్ళ మధ్య మళ్ళీ మాట్లాడినారు. రెండూ కలిపి, మాట తీరు మార్చకుండా ఇస్తున్నాం. – సం.)



యీ సభకు పిలవడానికి యిద్దరు సార్లు మా వూరికి వచ్చినారు. బురద వుందని మోటారు సైకిలు గేరి మొదట్లోనే ఆపి నడిచి వచ్చినారు. తప్పు పట్టడం లేదు, బురద వున్నమాట నిజమే. చేతిలో కరపత్రాలు. 'శాస్త్ర పరిశోధనకు నిధుల కోతను ప్రతిఘటించండి' అని పైన పెద్దక్షరాలు. అరుగు మీద కూచున్న మా పెద్దమ్మ దాన్ని చదివించుకుని వినింది. విని ఒకటే అడిగింది. "సైన్సుకు దుడ్లు తగ్గిస్తే మనకేమి నాయనా? మన వుపాధి పనికి దుడ్లు తగ్గించినప్పుడు యీ సార్లు వచ్చినారా?"

సార్లు నవ్వి వూరుకున్నారు. నేను మాత్రం ఆ ప్రశ్ననే మోసుకుని యీ మైకు దగ్గరికి వచ్చినాను. దానికి జవాబు చెప్పకుండా యెన్ని కరపత్రాలు పంచినా మా పెద్దమ్మ లాంటి వాళ్ళు మీ సభలకు రారు. వాళ్ళు రాకపోతే యీ సభ వందమంది మేధావుల సభగానే మిగులుతుంది. వందమంది మేధావులను యే ప్రభుత్వమూ లెక్కచెయ్యదు. చేసివుంటే కోత పడేదే కాదు.

సైన్సంటే రాకెట్టనీ, తెల్లకోటనీ, గాజుసీసాలనీ మనకు బడిలో చెప్పినారు. నంద్యాల పక్కన బతికే వాళ్ళు అట్లా అనుకోకూడదు. 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం పెట్టినారు. అప్పటికి మన తాతల తాతలు జీతగాళ్ళుగా వున్నారు. ఆ రోజుల్లో యీ వైపు పత్తికి బేరగాళ్ళ దగ్గర 'నార్దర్న్స్' అని పేరు, బళ్ళారి వైపు పత్తికి 'వెస్టర్న్స్' అని పేరు. తెల్లవాడికి మన పత్తి కావాలి, మన నేల మీద ప్రేమతో వాడు క్షేత్రం పెట్టలేదు. అయినా పెట్టినాడు, అది నిలబడింది. తర్వాత దాంట్లోంచి యేమేం వచ్చినాయో మీకు తెలుసు, పేర్లే తెలియవు. నరసింహ పత్తి అక్కడిదే. నంద్యాల తెల్ల జొన్నలు అక్కడివే. డెబ్బై రోజులు దాటంగానే కోతకొచ్చే సూర్యనంది కొర్ర అక్కడిదే. పప్పుశనగలో ఎన్.బి.ఇ.జి. 3, 47, 49 అని నంబర్లు చెప్తారే, అవీ అక్కడివే.

పప్పుశనగ సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, యెందుకంటే సైన్సుకు దుడ్లు యెక్కడ కావాలో దాంట్లో కనపడుతుంది. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, దొర్నిపాడు రేగళ్ళు చూసినారు కదా. వానలు వెనకబడినాక, నేలలో మిగిలిన తేమ మీదనే అక్టోబరు, నవంబరులో విత్తనం వేస్తారు. మళ్ళీ వాన పడినా పడకపోయినా పంట రావాలి. యెండు తెగులు తగిలిందంటే పైరు నిలబడి నిలబడినట్టే వాడిపోతుంది. యీ రెండింటినీ తట్టుకునే విత్తనం జె.జి. 11. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరు దగ్గర 1972లో పెట్టిన ఇక్రిశాట్ కలిసి చేసినాయి. 1999లో విడుదలైంది. ఆ తర్వాత పదేళ్ళలో మన రేగళ్ళలో పప్పుశనగ కొన్ని రెట్లు పెరిగింది. యీ విత్తనాన్ని పండించినవాడు గోతాంలో దాచిపెట్టుకుని మళ్ళీ వేసుకోవచ్చు. పక్కవాడికి మారకానికి ఇవ్వొచ్చు. యే కంపెనీకీ రాయల్టీ కట్టక్కరలేదు. అది జనం సొమ్ముతో చేసింది గనక.

అట్లాంటి విత్తనం తయారు కావడానికి యెన్నాళ్ళు పడుతుంది? రెండు రకాల మొక్కలను కలుపుతారు. ఒక మొక్క మొగ్గలో మగ కేసరాలు తీసేసి, రెండోదాని పుప్పొడి రుద్దుతారు. వచ్చిన గింజలను వేస్తారు. రెండో తరంలో రకరకాల మొక్కలొస్తాయి. పొడుగువి, పొట్టివి, తెగులుకు చచ్చేవి, తట్టుకునేవి. వాటిలో మంచివి యేరి వేస్తారు, మళ్ళీ యేరుతారు, మళ్ళీ వేస్తారు. గుణం స్థిరపడడానికి ఆరేడు తరాలు. ఆ తర్వాత క్షేత్రంలో రెండు మూడేళ్ళు దిగుబడి పరీక్షలు, తర్వాత వేరే వేరే నేలల్లో, తర్వాత రైతుల పొలాల్లో చిన్న సంచులిచ్చి. మొత్తం పది పన్నెండేళ్ళు. నడుమ ఒక్క ఏడు దుడ్లు రాలేదనుకోండి. ఆ ఏడు మడి వెయ్యరు. మామూలు గదిలో పెట్టిన విత్తనం ఏళ్ళ తరబడి మొలక శక్తితో వుండదు, మళ్ళీ వేసి బతికించుకోవాలి. అంటే ఒక్క ఏడు ఆపితే పోయేది ఒక్క ఏడు కాదు. యెనిమిదేళ్ళ యేరివేత గుడ్డసంచిలోనే చచ్చిపోవచ్చు. రోడ్డు పని ఆపితే కంకర అక్కడే వుంటుంది, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. యిది అట్లా కాదు. ఢిల్లీలో, అమరావతిలో లెక్కలు రాసేవాళ్ళకు యీ తేడా తెలియదనుకోవాలా, తెలిసీ చేస్తున్నారనుకోవాలా?

ఇప్పుడు యింకో మాట. యీ మొగ్గ వలిచే పని, పుప్పొడి రుద్దే పని మీకు కొత్తగా విన్నట్టుందా? ఆళ్ళగడ్డ, ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, నంద్యాల చుట్టుపక్కల యే మాదిగ గేరిలో, యే మాల గేరిలో అయినా అడగండి. 'క్రాసింగ్' అంటే చాలు, ముప్పై నలభై ఏళ్ళ ఆడవాళ్ళంతా వేళ్ళు చూపిస్తారు. హైబ్రిడ్ పత్తి విత్తనం చేసే చేలల్లో సాయంత్రం మొగ్గ చీల్చి కేసరాలు తియ్యాలి, గుర్తు పెట్టాలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి రుద్దాలి. వందల మొగ్గలు. నెలల తరబడి రోజూ. చిన్న వేళ్ళయితే మొగ్గ దెబ్బతినదని, కూలి తక్కువకు వస్తారని, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఆడపిల్లలను బడి మానిపించి తీసుకుపోయినారు. 1990ల నుంచి యీ సంగతి పత్రికల్లో, నివేదికల్లో వచ్చింది. మా యింట్లో నా చెల్లెలు పోయింది. ఐదో తరగతి మానేసింది. పురుగుమందు కొట్టిన చేలో పొద్దున్నే దిగేది, యింటికొచ్చి తలనొప్పి అని పడుకునేది. కంపెనీ పేరు యెందుకులెండి.

పరిశోధనా క్షేత్రంలో డిగ్రీ వున్నాయన యిదే పని చేస్తే దానికి సైన్సని పేరు. నా చెల్లెలు చేస్తే కూలి. ఆయన పేరు విత్తనం పక్కన రాస్తారు. ఆమె పేరు మేస్త్రీ హాజరు పట్టీలో కూడా సరిగా రాయలేదు, వయసు రాయాల్సి వస్తుందని. యిది మా కోపం. సార్ల ముందు దాచిపెట్టుకుని మాట్లాడను.

అయితే కోపం వేరు, లెక్క వేరు. లెక్క చూద్దాం. క్షేత్రంలో సర్కారు పరిశోధన బలంగా వుంటే నరసింహ లాంటి పత్తి వస్తుంది, గింజ దాచుకోవచ్చు. అది బలహీనపడితే యేమవుతుందో మనం చూసినాం. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. 450 గ్రాముల పొట్లం ధర 1,850 రూపాయల దాకా పోయింది. దాంట్లో 1,250 రూపాయలు రాయల్టీ కిందనే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ దగ్గరికి పోతే, ఆ తర్వాత పొట్లం 750కి దిగింది. అంటే ముందు వసూలు చేసింది యెంత అన్యాయమో వాళ్ళే ఒప్పుకున్నట్టు. ఆ నాలుగేళ్ళలో అప్పు తెచ్చి పొట్లం కొన్నది యెవరు? గుత్తకు తీసుకుని సేద్యం చేసిన మనవాళ్ళు. సొంత భూమి వున్న ఆసామికి పంట పోతే భూమన్నా మిగిలింది. కౌలుకు చేసినోడికి అప్పొకటే మిగిలింది. సర్కారు చేతిలో విత్తనం లేకపోతే కంపెనీ చెప్పిందే ధర. పెద్దమ్మా, సైన్సుకు దుడ్లు తగ్గిస్తే మనకేమంటే, మొదటి జవాబు యిదీ.

రెండో జవాబు. కోత యెట్లా పడుతుందో చూడండి. ప్రభుత్వం పరిశోధనకు ఇచ్చే సొమ్ము తగ్గిస్తే పెద్ద సార్ల జీతం తగ్గదు, తగ్గించలేరు. తగ్గేది పైఖర్చుల పద్దు. ఆ పద్దులోనే వుంటుంది దినకూలీ. కలుపు తీసేవాళ్ళు, పిట్టలు తోలేవాళ్ళు, కోత కోసి ఒక్కో మొక్కను వేరువేరుగా కట్టి సంచిలో పోసేవాళ్ళు. ముప్పై రోజుల పని పదిహేను రోజులవుతుంది. తర్వాత జీపు డీజిలు తగ్గుతుంది. డీజిలు లేకపోతే రోడ్డు పక్క పెద్దరైతు పొలానికే పోయి వస్తారు, గెనెం మీద నడిచి మన కౌలు చేను దాకా రారు. తర్వాత ఖాళీ అయిన వుద్యోగం నింపరు. నింపకపోతే రిజర్వేషను యెక్కడిది? పోస్టే లేనప్పుడు రోస్టరు యెవరికి? చివరికి మిగిలే జూనియరు ఫెలోను ఆర్నెల్లకొకసారి పొడిగిస్తారు. యీ వరసలో పైనుంచి కిందికి చూడండి, కోత యెవరి మెడ మీద పడుతుందో.

యీ వూరికి యింకొక చరిత్ర వుంది. 1991 నవంబరులో యిదే నంద్యాల ఓట్లతో పి.వి. నరసింహారావు లోక్‌సభకు పోయినాడు. తెలుగోడు ప్రధాని అయినాడని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. లక్షల మెజారిటీ. మన గేరీలోనూ గుద్దినాం ముద్రలు. ఆ ప్రధాని చేతుల మీదుగానే కొత్త ఆర్థిక విధానం వచ్చింది. అప్పిచ్చేవాళ్ళు షరతులు పెడతారు, ప్రభుత్వం ఖర్చు తగ్గించమంటారు. తగ్గించడానికి మొదట కనపడేది బడి, ఆసుపత్రి, యూనివర్సిటీ. 1993లో యు.జి.సి. వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ, కేంద్ర విశ్వవిద్యాలయాలు నడుపుబడి ఖర్చులో ఐదేళ్ళలో నూటికి 15, పదేళ్ళలో నూటికి 25 సొంతంగా సంపాదించుకోవాలని చెప్పింది. సొంతంగా అంటే యెక్కడ? ఫీజులు పెంచి. లేదంటే కంపెనీలకు పని చేసి. 2015 జూన్‌లో డెహ్రాడూన్‌లో సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలల పెద్దలను కూచోబెట్టి, రెండేళ్ళలో సగం ఖర్చు మీరే తెచ్చుకోండి అన్నారు. హైదరాబాదులో ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. ఆ సంస్థకు చెందినవే. 2023లో పరిశోధనకని కొత్త చట్టం చేసి, ఐదేళ్ళకు 50,000 కోట్లు అన్నారు. విని సంతోషపడినాం. లోపల చూస్తే దాంట్లో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి రావాలట. కంపెనీవాడు సొమ్ము పెడితే యే పంట మీద పెడతాడు? ఏటా మళ్ళీ కొనాల్సిన విత్తనం మీద పెడతాడు. కొర్ర మీద పెడతాడా?

దేశం మొత్తం మీద పరిశోధనకు ఖర్చు చేసేది, 2020-21 లెక్క ప్రకారం, జాతీయాదాయంలో నూరు రూపాయలకు 64 పైసలు. దక్షిణ కొరియా నాలుగు రూపాయలు దాటి పెడుతుంది. చైనా రెండు రూపాయలు దాటింది. అందుకే 2017 ఆగస్టు 9న హైదరాబాదుతో సహా దేశంలో చాలా నగరాల్లో శాస్త్రవేత్తలు, విద్యార్థులు వూరేగింపు తీసినారు. మూడు రూపాయలు పెట్టమని అడిగినారు. ఆ ఏడాది జనవరిలోనే మన తిరుపతిలో సైన్సు కాంగ్రెసు జరిగింది, ప్రధానమంత్రి వచ్చి మొదలుపెట్టినాడు. ఆ సైన్సు కాంగ్రెసుకే 2023లో కేంద్ర సైన్సు శాఖ సాయం ఆపేసింది. 2024 జనవరిలో జరగాల్సింది వాయిదా పడింది. వేదికకే దిక్కులేదు, మడికెక్కడ? అమెరికాలో కూడా యిదే గోల. 2017 ఏప్రిల్‌లో అక్కడి శాస్త్రవేత్తలు వీధిలోకి వచ్చినారు. 2025లో ఆరోగ్య పరిశోధనకు, సైన్సుకు ఇచ్చిన గ్రాంట్లు గుత్తంగా రద్దయితే మళ్ళీ వచ్చినారు. పరదేశ సాయం ఆగితే, పేదదేశాల పంటల మీద పనిచేసే అక్కడి యూనివర్సిటీల ప్రయోగశాలలు మూతపడినాయి. ధనవంతుడి యింట్లో కోత పడినా మొదట మానిపించేది పనిమనిషినే.

ఇక మూడో జవాబు. యిది మన పిల్లల సంగతి.

బాబాసాహెబ్ 1913లో కొలంబియా పోయింది యేదో తాతల ఆస్తితో కాదు, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. అక్కడి నుంచి లండను పోయినాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరింది. చేతిలో వున్న పరిశోధన సగంలో వదిలిపెట్టి ఓడ యెక్కాల్సి వచ్చింది. సామాను, పుస్తకాలు వేరే ఓడలో వేస్తే ఆ ఓడను యుద్ధంలో ముంచేసినారు. వచ్చి బరోడాలో వుద్యోగంలో చేరితే వుండడానికి గది ఇచ్చినవాడు లేడు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, సాహు మహారాజు సాయం, స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్ళీ లండను పోయినాడు. 1923లో డి.ఎస్‌సి. వచ్చింది. రూపాయి మీద ఆయన రాసిన ఆ పుస్తకం చదివినవాళ్ళకు తెలుసు అది యెంత పరిశోధనో. స్కాలర్‌షిప్ ఆగకపోతే అది మూడేళ్ళు ముందొచ్చేది. మనవాళ్ళలో అందరికీ సాహు మహారాజు దొరకడు. దొరకడని తెలుసు కాబట్టే 1942లో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడు కాగానే కొట్లాడి షెడ్యూల్డు కులాల పిల్లల చదువుకు ఏటా 3 లక్షలు సాధించినాడు. యిప్పటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వేరు అక్కడుంది.

మేఘనాథ్ సాహా పేరు సైన్సు సార్లకు నేను చెప్పక్కరలేదు. నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి లెక్కకట్టే సూత్రం ఆయనది, 1920 నాటిది. ఢాకా దగ్గర పల్లెలో చిన్న అంగడివాడి కొడుకు. 1905లో బడి పిల్లలంతా గవర్నరును బహిష్కరిస్తే, వున్న స్కాలర్‌షిప్ పీకేసి బడినుంచి వెళ్ళగొట్టినారు. యింకో బడివాళ్ళు పిలిచి చేర్చుకున్నారు కాబట్టి చదువు నిలబడింది. కలకత్తాలో హాస్టల్లో మళ్ళీ కులం పేరుతో విడిగా కూచోబెట్టి అన్నం పెట్టినారు. ఆ పిలిచిన బడి లేకపోతే? మనకు పేరు తెలియని సాహాలు యెంతమంది అంగడి దగ్గరే ఆగిపోయినారో.

వందేళ్ళు గడిచినాక హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో గుంటూరు నుంచి వచ్చిన పిల్లవాడు రోహిత్ వేముల. సైన్సు మీద రాసేవాడు కావాలనుకున్నాడు. 2015 జూలై నుంచి అతని ఫెలోషిప్ చేతికి రాలేదు. 2016 జనవరి 17న మనకు లేకుండా పోయినాడు. ఆ కథంతా యిక్కడ చెప్పను, అందరికీ తెలుసు. ఒక్క మాటే చెప్తాను. పైకులం యింటి పిల్లవాడికి ఫెలోషిప్ చేతిఖర్చు. మన పిల్లవాడు దాంట్లోంచే యింటికి పంపిస్తాడు. అమ్మ మందులు, తమ్ముడి ఫీజు, వడ్డీ. ఆర్నెల్లు ఆగితే వాడు పరిశోధన ఆపి సెక్యూరిటీ గార్డు పనికి పోతాడు. 2015 అక్టోబరులో నెట్ లేని స్కాలర్లకు ఇచ్చే నెలకు 8,000 కూడా ఆపేస్తామంటే ఢిల్లీలో యు.జి.సి. గేటు ముందు పిల్లలు పడుకున్నారు. 2022 డిసెంబరులో ముస్లిం, క్రైస్తవ పిల్లలకు వచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ యిక లేదన్నారు. 2025 జూలైలో, విదేశాల్లో చదవడానికి మన పిల్లలు 106 మందిని యెంపిక చేసి, మొదట 40 మందికే కాగితాలిచ్చినారు. మిగతావాళ్ళకు నిధులుంటే చూస్తామన్నారు. సీటు వచ్చింది, వీసా తేదీ వచ్చింది, కాగితం రాలేదు. ఆ పిల్లలు ఆ నెల యెట్లా నిద్రపోయివుంటారో ఆలోచించండి.

సార్లూ, యిప్పుడు మీతో. యీ కోతలన్నీ పడినప్పుడు మీలో యెంతమంది వీధిలోకి వచ్చినారు? కొందరు వచ్చినారు, కాదనను. ఎక్కువమంది 'అది రిజర్వేషను పిల్లల గొడవ' అనుకున్నారు. కోత అనేది పొలం గట్టు మీద మొదలై నడుమకొస్తుంది. గట్టు మీద మేం నిలబడివున్నాం. మేం కోయబడుతుంటే మీకది కలుపులాగా కనపడింది. యిప్పుడు కొడవలి మీ సాలుకొచ్చింది.

అట్లని మీరు పిలిస్తే రామని కాదు. వస్తాం. కానీ చప్పట్లు కొట్టడానికి రాము.

నిధులు పెంచమని మీరడుగుతున్నారు. ఆ నిధులతో దేన్ని పరిశోధించాలో యెవరు నిర్ణయిస్తారు? నంద్యాల క్షేత్రంవాళ్ళు ఎన్.బి.ఇ.జి. 47 అని పప్పుశనగ తీసినారు. నిటారుగా పెరుగుతుంది, కాయ నేలకు యెత్తుగా కాస్తుంది, మిషనుతో కోయొచ్చు. గొప్ప పనే. కూలి దొరకడంలేదని ఆసామి గొంతు పోయేట్టు అరిచినాడు, వాడి గొంతు క్షేత్రం దాకా వినపడింది. జనవరి ఫిబ్రవరిలో శనగ కోతకు పోయి ఆ గింజలతో సంవత్సరం పప్పు తెచ్చుకునే మన ఆడవాళ్ళను యెవరైనా అడిగినారా? మిషను వద్దని నేననను. నడుములు విరిగే ఆ పని మా అమ్మ చేసింది, నా బిడ్డ చెయ్యాలని నేను కోరుకోను. కానీ ఆ పని పోయినాక ఆమె యేం చెయ్యాలి అనేది కూడా పరిశోధించాల్సిన ప్రశ్నే కదా! కౌలు చేనులో అర ఎకరానికి తగ్గ పనిముట్టు, మందు తక్కువ పడే విత్తనం, మేకలకొచ్చే జబ్బు, క్రాసింగు చేసిన పిల్లల వేళ్ళకు, వూపిరికి యేమైంది. యీ ప్రశ్నలు అడిగేవాళ్ళు పరిశోధన సలహా సంఘంలో లేరు. అక్కడ కూచునే 'అభ్యుదయ రైతు' యెవరో మనకు తెలుసు.

క్షేత్రం భూమి సంగతిలో కూడా యిదే జరిగింది. 2022 నాటికి ఆ భూమిలో 50 ఎకరాలు మెడికల్ కాలేజీకి ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయిస్తే రైతు సంఘాలవాళ్ళు వద్దన్నారు, హైకోర్టుకు పోయినారు. 2023 సెప్టెంబరులో నంద్యాల మెడికల్ కాలేజీ మొదలైంది. ఆ గొడవ నడిచేటప్పుడు నన్ను చాలామంది అడిగినారు, మీరు యెటువైపు అని. నా మనసు రెండుగా చీలింది. ఆళ్ళగడ్డ నుంచి పురిటి నొప్పులతో ఆటోలో కర్నూలు పెద్దాసుపత్రికి పోయేది మన ఆడకూతుళ్ళే. పెద్దాసుపత్రి దగ్గరికి వస్తే వద్దంటామా? మన పిల్లలు డాక్టరు చదివితే వద్దంటామా? అదే సమయంలో నూరేళ్ళు పైగా ఒకే నేల మీద పరీక్షలు చేసిన మడి ఒకసారి పోతే యింకోచోట దొరకదు. ఆసుపత్రా, విత్తనమా అని మన ముందర పెట్టి, యేదో ఒకటి తీసుకోండి అనడమే మోసం. జిల్లాలో పెద్దోళ్ళు కబ్జా పెట్టిన భూమి యెంతుందో రెవిన్యూవాళ్ళకు తెలియదా? దాని మీదికి యెవరి చెయ్యీ పోదు. జనం సొమ్ముతో నడిచేదాని మీదికే పోతుంది.

నంద్యాల సభలో నేను అడిగినవి యివీ. తీర్మానంలో మూడు శాతం అని రాసినారు, బాగుంది. దాని కిందనే రాయండి: యస్సీ, యస్టీ, మైనారిటీ ఫెలోషిప్‌లు నెలనెలా ఒకటో తారీకుకు పడాలని, ఆపినవి మళ్ళీ పెట్టాలని. ఖాళీ పోస్టులు రోస్టరుతో నింపాలని. క్షేత్రాల్లో దినకూలీలను పైఖర్చుల పద్దులోంచి తీసి ఖాయం చేయాలని. సలహా సంఘాల్లో కౌలుదారు, కూలి ఆడమనిషి కూచోవాలని.

ఒక సారు లేచినాడు. మంచి మనిషి, మర్యాదగా మాట్లాడినాడు. ఫెలోషిప్, పోస్టులు చేరుస్తామన్నాడు. "కూలీల సంగతి పరిపాలనకు సంబంధించింది కదా, సైన్సు తీర్మానంలోకి యెట్లా తేగలం?" అన్నాడు. నేను జవాబు చెప్పబోతుంటే వెనకనుంచి ఒకామె లేచింది. క్రాసింగుకు పోయినామె. "సారూ, మొగ్గ వలిచేటప్పుడు లోపల ఆడభాగానికి గోరు తగిలితే ఆ పువ్వు పనికొస్తుందా?" అని అడిగింది. సారు, రాదమ్మా, అన్నాడు. "మరి మాకది యెవురూ చదువు చెప్పలేదు, మేమే తెలుసుకున్నాం. అది పరిపాలనా, సైన్సా?" అనింది. సభ కాసేపు నిశ్శబ్దంగా వుంది. తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా వేసినారు.

కాబట్టి ఆళ్ళగడ్డ వాళ్ళకు చెప్పేది, వచ్చే సమావేశానికి తయారుగా పోవాలి. ఫెలోషిప్ ఆగిన పిల్లలు మీ పాస్‌బుక్కు నకలు తీసి, యే నెల పడింది, యే నెల పడలేదు అని యెర్ర సిరాతో గీసి తీసుకురండి. పరిశోధనా క్షేత్రాల్లో కూలికి పోయినవాళ్ళు, యే ఏడాది యెన్ని రోజుల పని దొరికిందో గుర్తున్నంత వరకు చెప్పండి, మన పిల్లలు రాసిపెడతారు. గుత్తకు చేసేవాళ్ళు విత్తనం పొట్లాల మీది ధరలు, బిల్లులుంటే బిల్లులు తెండి. క్రాసింగుకు పోయిన అక్కలు, చెల్లెళ్ళు మాట్లాడాలి. నా చెల్లెలు వస్తానంది, మైకు ముందు నోరు రాదేమోనని భయపడుతోంది.

మా పెద్దమ్మ కూడా వస్తానంది. ఆ సారు తన మోటారు సైకిలు మీద తీసుకుపోతానని ఫోను చేసినాడు. ఆమె ఒక్క షరతు పెట్టింది. బండి గేరి మొదట్లో ఆపకూడదు, యింటి ముందర దాకా తేవాలని. బురద వుంటుంది పెద్దమ్మా, అంటే, వుండనీలే, అనింది.